తాళం వెనక మనిషి

మధ్యాహ్నం పన్నెండు గంటల పది నిమిషాలకు రెహానా అనే ఆవిడ పంజాగుట్టలోని మా ఆఫీసుకు వచ్చింది. ఐటీ కంపెనీలు రాత్రి షిఫ్టులకు మనుషులను వెతుక్కుంటున్న సంవత్సరాలవి. ఓటర్ల జాబితా సవరణకు నన్ను సూపర్‌వైజర్‌గా వేశారు. అమీర్‌పేట, మధురానగర్ వీధుల్లో ఇంటింటికీ తిరిగే ఎన్యూమరేటర్ల కాగితాలు సరిచూసి సంతకం చేయడం నా పని.

"సార్, మా ఆయన ఇల్లు ఇడిచి పోయిండని పేరు కొట్టేసిండ్రు. ఏడికి పోయిండు? ఇంట్లనే పండుకున్నడు," అంది.

ఆమె భర్త ఖాజా రాత్రంతా ఒక కంపెనీ క్యాబ్ నడిపి పగలు నిద్రపోతాడు. ఎవరూ తలుపు కొట్టి లేపకుండా ఆమె బయటినుంచి తాళం వేసి టైలరింగ్ షాపుకు వెళ్తుంది. మూడుసార్లు తాళం కనిపిస్తే 'ఇల్లు మారారు' అని రాయడం మా అలవాటు. వీధుల్లో తిరుగుతున్న ఎన్యూమరేటర్‌ను పిలిపించి అడిగేసరికి మూడు దాటింది. "కనబడ్డదే రాసిన సార్," అన్నాడు. నిజమే. కింద సంతకం నాది.

అభ్యంతరాలకు ఆ సాయంత్రం ఐదింటి వరకే గడువు. ఖాజాకు చిరునామా చూపడానికి వేరే కాగితం లేదు. జాబితాలో పేరు లేకపోతే కంపెనీ డ్యూటీ ఇవ్వనంది. మనిషి ఆ ఇంట్లోనే ఉన్నాడని నేను కళ్లారా చూసి రాయాలి. రెహానాతో ఆటో ఎక్కాను.

నా భార్య డిగ్రీ కాలేజీలో తత్త్వశాస్త్రం చెప్పేది. ఎవరికో ఒకరికి కనబడితేనే ఏ వస్తువైనా ఉన్నట్టని వాదించిన ఒక పాతకాలపు తత్త్వవేత్త గురించి ఒకసారి చెప్పింది. ఎవరూ లేని గదిలో బల్ల సంగతేమిటని అడిగాను. దేవుడు చూస్తూ ఉంటాడని ఆయన జవాబట. "మీ ఆఫీసులో ఆ పని ఎవరిది?" అని నవ్వింది. ఆమె ఆ ఏడు మొదట్లో చనిపోయింది. అదే సవరణలో ఆమె పేరు తీసేసిన కాగితం మీదా నేనే సంతకం చేశాను. ఆ కాగితంలో తప్పు లేదు.

రెహానా తాళం తీసింది. ఖాజా చాప మీద లేచి కూర్చున్నాడు. "మీ మనిషికి ఇనబడలేదా సార్? గురక పెడుతనే ఉన్న గదా."

"గల్లీ అంత ఇంటది, సర్కారుకే ఇనబడది," అంది రెహానా.

ఫారం మీద అతను సంతకం పెట్టాడు. 'స్వయంగా చూశాను' అని రాసి నేనూ పెట్టాను. గడువుకు ఇరవై నిమిషాల ముందు కాగితం దాఖలైంది. పేరు నిలిచింది.

మనకు కనబడకపోవడం మన సంగతి. దాన్ని అవతలి మనిషి సంగతిగా రాయకూడదని నేర్చుకున్నాను. మరుసటి సవరణ నుంచి పక్కింటివాళ్లను అడగనిదే, వేరే వేళలో మరోసారి వెళ్లనిదే ఏ కాగితం మీదా సంతకం చేయలేదు. తాళం ఒక్కటే చూసి పేరు కొట్టేయడం మా వీధుల్లో మానేశాం.