నిలబెట్టిన సీసా

జెర్సీ సిటీలో ఒక అపార్ట్‌మెంట్ టవర్ కింద, అద్దాల గోడల వైన్ గదిలో, మా స్నేహితుల అబ్బాయి కిరణ్ కొత్త ఉద్యోగం వచ్చిన సంతోషంతో ఇటలీ నుంచి వచ్చిన బరోలో అనే ఎర్ర వైన్ సీసా తెరిచి నా ముందు గ్లాసు పెట్టాడు. ఎండిన గులాబీ రేకులు, కొత్తగా వేసిన తారు, వాటి వెనక తడిసిన ఇటుక వాసన. మొదటి రెండూ వైన్‌వి. మూడోది నాకు మాత్రమే వచ్చింది. ఈ టవర్ లేచిన చోటే, ఇటలీ నుంచి వచ్చి స్థిరపడ్డ ముసలాయన దొమెనికో ఇల్లు ఉండేది, నా ఎనిమిదో ఏడు నుంచి పన్నెండో ఏడు దాకా మేం దాని పైఅంతస్తులో అద్దెకున్నాం.

ఆ ఇంటి అడుగున ఇటుకల సెల్లార్. ఎండాకాలంలో కూడా మెట్లు దిగుతుంటే పాదాలకు చల్లదనం తగిలేది. ఒక గోడకు ఆయన సొంత ఊరి నుంచి తెప్పించుకున్న బరోలో సీసాలు, ఎదురు అలమరలో ఆయన నిలవ చేసుకున్న టమాటాల గాజు సీసాలు, వాటి పక్కన గుడ్డ వాసెన కట్టిన మా అమ్మ ఆవకాయ జాడీ. తడి చెయ్యి తగిలితే ఏడాది కష్టం బూజు పడుతుందని అమ్మ మమ్మల్ని జాడీ దరిదాపులకు రానిచ్చేది కాదు. దొమెనికో తన సీసాలను అంతకంటే జాగ్రత్తగా చూసుకునేవాడు. సీసా పడుకునే ఉండాలి, కార్క్ ఎప్పుడూ తడిగా ఉండాలి, ఎండితే గాలి దూరి లోపలిది చచ్చిపోతుంది అని నాకు పాఠంలా చెప్పాడు.

ఫుట్‌పాత్ మీద ఆకులు తడిసి కుళ్ళే అక్టోబర్‌లో, ఏటా ఒక్క సీసా తెరిచి, గ్లాసును బల్బు కిందకు వంచి అంచున ఇటుక రంగు వచ్చిందా అని చూసి, ఒక గుక్క పట్టి, "ఇంకా కాలేదు" అనేవాడు. నన్ను మాత్రం వాసనే చూడనిచ్చేవాడు. "ముక్కుకి వయసుతో పనిలేదు, నోటికి ఉంది," అనేవాడు తన వచ్చీరాని ఇంగ్లిష్‌లో. ఒకసారి ఆ గుక్క చిగుళ్ళను ఎలా పట్టేస్తుందో చెప్పలేక బుగ్గలు లోపలికి పీల్చి చూపించాడు. లేత అరటికాయ కొరికితే అలాగే ఉంటుందని, మేం దాన్ని వగరు అంటామని చెప్పాను. "వగర్రు," అన్నాడు, రకారాన్ని నాలుక మీద దొర్లిస్తూ. ఆ తర్వాత ప్రతి అక్టోబర్‌లోనూ ఆ మాటే వాడాడు.

నాన్న ప్లెయిన్స్‌బరోలో ఇల్లు కొన్నప్పుడు దొమెనికో ఒక సీసాను పాత పేపర్లో చుట్టి నా చేతికిచ్చాడు. నాకు ఇరవై ఒకటి నిండి తాగే వయసు వచ్చిన రోజున తనే వచ్చి తెరుస్తాడట, మొదటి గుక్క నాదట.

"గృహప్రవేశం నాడు ఇంట్లోకి మందు సీసా ఏంటండీ? రేపు వ్రతం పీటల మీద కూర్చోవాలి మనం," అంది అమ్మ.

"పెద్దాయన ముచ్చటపడి ఇచ్చాడే. గరాజ్‌లో పడేస్తాలే," అన్నాడు నాన్న.

పెయింటు డబ్బాలకూ మంచు తోసే పారకూ మధ్య అది నిలబడింది. నేను పడుకోబెట్టాను. కారితే ఇల్లంతా కంపని అమ్మ నిలబెట్టింది. మళ్ళీ పడుకోబెట్టాను, మళ్ళీ నిలబెట్టింది. మూడోసారి నేను ముట్టుకోలేదు. వేసవిలో ఆ గరాజ్ పెనంలా కాలేది, చలికాలంలో బకెట్‌లో నీళ్ళు గడ్డకట్టేవి. సైకిల్ తీసిన ప్రతిసారీ అది కనిపించేది.

ఏటా అక్టోబర్‌లో దొమెనికో ఫోన్ చేసేవాడు. "పడుకుందా?" అని అడిగేవాడు. "పడుకుంది," అనేదాన్ని.

నాకు ఇరవై ఒకటి నిండిన రోజున, అన్న మాట ప్రకారం వచ్చాడు. రైలు దిగి, తువ్వాల్లో చుట్టిన రెండు గ్లాసులతో. అమ్మ పులిహోర, గారెలు చేసి "తినండి, తినండి" అని వెంటపడింది. కార్క్ సగానికి విరిగి, సుద్దలా పొడిపొడిగా రాలింది. గ్లాసులో పడింది మట్టి రంగు, పులిసిన వాసన గుమ్మం దగ్గర నిలబడ్డ అమ్మ దాకా వెళ్ళింది. మొదటి గుక్క నీది అని నాతో అన్న మనిషి నా గ్లాసు మీద చెయ్యి అడ్డం పెట్టి, తన గ్లాసు మాత్రం తాగాడు. మొత్తం.

"పడుకోబెట్టావా?" అన్నాడు, విరిగిన కార్క్ ఇంకా చేతిలోనే ఉంది.

"ఆఁ," అన్నాను.

"ఎలా ఉందో అడగవే ఆయన్ని," అంది అమ్మ.

"మంచిది," అన్నాడు, కార్క్ ముక్కలు కోటు జేబులో వేసుకుంటూ.

ఆ అక్టోబర్‌లో ఫోన్ రాలేదు. నేనూ చెయ్యలేదు. అమ్మ మీద కోపం చాలా ఏళ్ళు మోశాను. కానీ కార్క్ సంగతి అమ్మకు తెలియదు, నాకు తెలుసు. ఆయన పోయిన సంగతి, ఇల్లు కూలగొట్టేశాక ఎవరో చెప్పారు.

ఇప్పుడిక్కడ ఇటుకా లేదు, మెట్లూ లేవు. చల్లదనాన్ని మిషన్ కాపాడుతోంది, అద్దం మీద ఎంత చల్లగా ఉందో చూపే అంకె వెలుగుతోంది. ఒక గుక్క పట్టాను. చిగుళ్ళు బిగుసుకున్నాయి.

"హౌ ఈజ్ ఇట్, ఆంటీ? యాప్‌లో చెర్రీ, లెదర్ అని ఉంది," అన్నాడు కిరణ్.

"వగరు," అన్నాను.

"అంటే ఏంటి?" అన్నాడు. నేపర్‌విల్‌లో పుట్టి పెరిగిన అమెరికా పిల్లవాడు. అరటికాయ గురించి చెప్పబోయి ఆగిపోయాను.

"ఇంకో బాటిల్ ఉంది ఆంటీ, నా వెడ్డింగ్‌కి ఓపెన్ చేస్తా. పైన కిచెన్‌లో పెట్టా, స్టవ్ పక్కన."

"పడుకోబెట్టావా?"

"యా, యా, పడుకోబెట్టా," అన్నాడు, ఫోన్ లోంచి తలెత్తకుండా.

ఆ జవాబు ఎంత తేలిగ్గా వస్తుందో నాకు తెలుసు.

"మంచిది," అన్నాను.