సత్యవేడు మందలో చూలు కుక్క

1980ల నడుమ, వానాకాలం మొదట్లో, నన్ను సత్యవేడు పశువుల ఆసుపత్రికి వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌గా వేశారు. పేరుకు అసిస్టెంటే గాని చుట్టుపక్కల పల్లెలన్నిటికీ నేనే పెద్ద దిక్కు. ఆ ఏడు వానలతోపాటు గొర్రెలకు నీలినాలుక రోగం దిగింది. దోమకన్నా చిన్న పురుగు కుట్టి అంటించే వైరస్ అది. మూతులు వాచిపోతాయి, చూలు గొర్రెలు ఈచుకుపోతాయి, అంటే నెలలు నిండకుండానే పిల్లలు పడిపోతాయి.

చెంగయ్య అనే కాపరి కబురు పెడితే గొర్రెల కోసమే అనుకుని వెళ్లాను. తీరా చూపించింది చూలు కుక్కను. అప్పటికే, రోజులు నిండకుండానే పిల్లలు చచ్చి పుట్టాయి. తల్లి ముక్కులోంచి ఎర్రటి నురుగు వస్తోంది, ఊపిరి అందడం లేదు. నురుగు చూడగానే మాకు ముందు తోచేది పిచ్చికుక్క రోగం, రేబిస్. నేను పది అడుగుల దూరంలోనే ఆగిపోయాను. కాసేపటికి అది ప్రాణం విడిచింది. పిల్లలను ఉత్తచేతులతో లాగింది చెంగయ్య భార్య మునెమ్మ. ఆమె కూడా నిండు గర్భిణి.

నిబంధన ప్రకారం కుక్క తల వేరుచేసి, ఐసులో పెట్టి, తిరుపతిలో పరీక్షకు నేనే తీసుకెళ్లాను. మిగతా శరీరాన్ని సున్నం చల్లి పూడ్పించాను. మెదడులో పిచ్చి ఆనవాలు లేదన్నారు. గుండె కుదుటపడి, ఆ మాట చెబుదామని పల్లెకు పరుగెత్తాను.

అప్పుడు చెప్పాడు చెంగయ్య. రోగంతో పోయిన గొర్రెను కోసి దీనికీ, మందలోని మగకుక్కకూ వేశాడట. మగకుక్కకు ఏమీ కాలేదు.

నీలినాలుక కుక్కలకు రాదని మా పుస్తకం, మనుషులకూ రాదని అదే పుస్తకం. మొదటి మాట మీద అనుమానం పడ్డాక రెండో మాటను నమ్మేదెట్లా?

మునెమ్మ మెల్లగా అడిగింది: “సార్, ఆ రోగం నా కడుపులో బిడ్డకు తగులుతాదా?”

తగలదు అనే మాట నోటిదాకా వచ్చింది. “తెలీదమ్మా” అన్నాను.

“తెలీదని సెప్పేదానికా ఇంత దూరమొచ్చినావు?” అన్నాడు చెంగయ్య.

ఆమెను కాన్పుల ఆసుపత్రిలో చూపించమని పంపాను. ఆ తర్వాత ఆ పల్లె మనిషి ఎవరు మా గడప తొక్కినా ముందు మునెమ్మ సంగతే అడిగేవాణ్ణి. భయపడ్డానని చెప్పుకోడానికి నాకేమీ సిగ్గు లేదు.

ఒకరోజు ఆమే వచ్చింది, చంకలో ఆడబిడ్డతో.

“పెద్దాసుపత్రోళ్లు బాగుండాదనే సెప్పినారు సార్. తెలీదన్నోడివి నువ్వు. నువ్వు సూసి సెప్పల్ల.”

పశువులను తప్ప చూసి ఎరగని చేతులతో ఆ బిడ్డను అందుకున్నాను. నోరు చూశాను, ఊపిరి విన్నాను. బాగుందమ్మా అన్నాను. అప్పుడు కూర్చుంది ఆమె.

చాలా ఏళ్లకు చదివాను: విదేశంలో కుక్కల టీకాలో ఈ వైరస్ కలిసిపోయి, చూలు కుక్కలు ఈచుకుపోయి, ఊపిరితిత్తుల్లో నీరు చేరి చనిపోయాయని. మా కుక్కదీ అదే రోగమని రూఢిగా చెప్పలేను. చెప్పగలిగిన శరీరం సున్నం కింద ఉంది. చూలు జంతువు చనిపోతే తల ఒక్కటే పంపితే చాలదు. తెలియదని వైద్యుడు చెప్పవచ్చు. చెప్పాక, తెలిసేదాకా ఆ ఇంటికి అతనే జవాబుదారీ.