వేడి కాదు, హెర్పీస్

మీ ఇంట్లో ఎవరికైనా చెప్పుకోలేని చోట పొక్కులు లేస్తే మీరేమంటారు? "వేడి చేసింది" అంటారు, అవునా? సైన్సు పాఠాలు చెప్పేవాళ్లు కూడా అదే అంటారు. మా ఇంట్లో అన్నారు కాబట్టే అడుగుతున్నాను.

మూఢనమ్మకాల మీద ఊరూరా తిరిగి మాట్లాడే పని నాది. ఒంటిమీద పాకే సర్పి పొక్కులకు మంత్రం వేసేవాళ్లతో ముఖాముఖి వాదించాను. అది సులువు. ఎదురుగా ఒక మంత్రం ఉంటుంది, ఒక మంత్రగాడు ఉంటాడు. వేడికి అలాంటి మనిషెవరూ లేరు. అది వంటింట్లో సబ్జా గింజల గ్లాసులో ఉంటుంది, మజ్జిగ చెంబులో ఉంటుంది. దాన్ని ఏ సభకు పిలిచి ఓడించాలి?

నాకు ముందు తొడలో సన్నగా జివ్వుమనేది. మర్నాటికి మంట. ఆపైన మూత్రానికి వెళ్లాలంటే ఏడుపొచ్చేది. పొక్కులు మానేవి, మళ్లీ నెల తిరక్కుండానే లేచేవి. చివరికి హనుమకొండలో ఒక డాక్టరమ్మ పరీక్ష చేయించి పేరు చెప్పింది: జననాంగాల హెర్పీస్. ఆ వైరస్ ఒంట్లోంచి పోదట. నరాల మొదట్లో దాగి ఉండి అప్పుడప్పుడు లేస్తుందట.

"ఇంత తరచుగా వస్తున్నది కాబట్టి రోజూ మందు వేసుకోండి మేడమ్. రోగం పూర్తిగా పోదు, కానీ చాలావరకు లేవనియ్యదు. సారుకు అంటుకునే అవకాశం గూడ తగ్గుతది. నీళ్లు మాత్రం బాగా తాగాలె," అంది.

ఎవరి నుంచి ఎవరికి వచ్చిందని అడిగాను. ఏ లక్షణమూ లేకుండా ఏళ్ల తరబడి ఉండొచ్చు, తేల్చలేమంది. పక్క కుర్చీలో నా భర్త తన చెప్పులకేసి చూస్తూ కూర్చున్నాడు.

రోజూ అసైక్లోవిర్ వేసుకున్నాను. ఎన్నో నెలలు ఏమీ జరగలేదు. ఏమీ జరగకపోవడంలో ఎంత సుఖముందో ఆ మంట ఎరిగినవాళ్లకే తెలుస్తుంది.

ఎండాకాలంలో నర్సంపేట నుంచి మా పెద్దాడబిడ్డ కంటి ఆపరేషన్‌కు వచ్చి మా ఇంట్లోనే ఉంది. నల్లద్దాల వెనక నుంచి కూడా ఆమెకు అన్నీ కనబడతాయి.

"ఏం గోళీలు పిల్లా అవి, రోజూ మింగుతాన్నవ్?"

"పొక్కులు రాకుండ వదినె."

"పొక్కులు లేచేదే వేడికి. మీదికెల్లి ఇంగ్లీషు గోళీలా? ఇంకింత వేడి చెయ్యదా?"

"వేడి చెయ్యదు. డాక్టరే ఇచ్చింది."

"నీళ్లు బాగ తాగుమన్నదా, లేదా?"

"తాగుమన్నది. మందుతోని కిడ్నీలకు ఇబ్బంది కావద్దని."

"గదే మరి! వేడి చెయ్యకపోతే నీళ్లెందుకు తాగుమంటది? ఊరూరు తిరిగి ఉపన్యాసాలిస్తవ్, గింత తెల్వదా?"

నవ్వొచ్చింది. వెంటనే నీరసమూ వచ్చింది. రోజూ ఇదే వాదన, రోజూ ఒక సబ్జా గ్లాసు. ఒక సాయంత్రం నా భర్త మేడమీద బట్టలు తీస్తూ మెల్లగా అన్నాడు.

"అక్క ఉన్నన్ని రోజులు గోళీలు ఆపరాదు? ఈ లొల్లెందుకు? రోగం పేరేందని అడిగితే ఏం చెప్తం?"

"పేరే చెప్తం."

"నీకేంది, చెప్తవు. అనుమానం నా మీదికి గదా వచ్చేది."

వేదికల మీద నా పక్కనే నిలబడి వాదించే మనిషి ఇతను. ఇతనితో వాదించే ఓపిక ఆ రోజు లేకపోయింది. గోళీలు ఆపేశాను.

తొడ మళ్లీ జివ్వుమంది. కేసముద్రంలో సభకు వస్తానని ముందే మాటిచ్చి ఉన్నాను. కుర్చీ వేసినా కూర్చోలేక మొదటి నుంచి చివరిదాకా నిలబడే ఉన్నాను. వినయం అనుకుని చప్పట్లు కొట్టారు.

ఇంటికి రాగానే వదినె గ్లాసు పట్టుకుని ఎదురొచ్చింది. "చూసినవా? మింగిన వేడంత ఇప్పుడు బయటికొస్తాంది."

గ్లాసు తీసుకుని పక్కన పెట్టాను. "వదినె, ఇది వేడి కాదు. హెర్పీస్ అనే రోగం. ఆడామగా కలిస్తే ఒకరి నుంచి ఒకరికి అంటుతది. గోళీలు వేసుకున్నన్ని రోజులు ఆగింది. ఆపిన, వచ్చింది. అంతే."

ఆమె నల్లద్దాలు తీసి, గొంతు తగ్గించి అడిగింది.

"మంట పుట్టే ముందు తొడ జివ్వుమంటదా?"

"అంటది."

"నాకు గూడ గట్లనే అంటది. మీ అన్న ఉన్నప్పటి సంది."

వాళ్లాయన పోయి ఏళ్లయింది. ఇన్నేళ్లూ ఆమె సబ్జా తాగుతూనే ఉంది. అది అదే రోగమో కాదో చూడకుండా చెప్పడం నా పని కాదు. దవాఖానకు పోదామన్నాను.

"ఈ వయసుల అక్కడ చూపెట్టుకునుడా? కోడలికి తెలిస్తే నా ఇజ్జత్ ఉంటదా?" అని ముడుచుకుపోయింది. నల్లద్దాలు మళ్లీ పెట్టుకుని, "మా తమ్మునికి తెలుసా నీ రోగం పేరు?" అంది.

"తెలుసు. డాక్టరమ్మ చెప్పంగ పక్కనే ఉన్నడు."

"తెలిసే ఆపుమన్నడా?"

నా భర్త గేటు తీసుకుని లోపలికి వచ్చేసరికి ఆమె గడపలోనే నిలబడి ఉంది.

"ఏందిరా, నీ ఇజ్జత్ కోసం ఈ పిల్లను మంటల కూసోపెడ్తవా? రేపు పొద్దుగాల ఆటో మాట్లాడు. మేమిద్దరం దవాఖానకు పోతం. నువ్వు గూడ రా, వచ్చి నోరు తెరిచి రోగం పేరు చెప్పు."

ఆమె ఆ మాట అన్నది నా వాదన విని కాదు, తమ్ముడి మీద కోపంతో. ఉపన్యాసాల మీద నాకున్న నమ్మకం అక్కడ మరికొంత అరిగిపోయింది. మర్నాడు ఆటోలో ఆమె నా చేయి వదల్లేదు. భయం కోపమంత తొందరగా దిగదు.

నాకిప్పుడు ఇంకో ఉపన్యాసమిచ్చే శక్తి లేదు. వేడి అనే మాట చాటున ఓర్చుకుంటున్న మనిషి మీ ఇంట్లోనూ ఉండొచ్చు. ఈరోజే అడగండి. ఉంటే మజ్జిగ తాగమనకండి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. రోగం పేరు పైకి అనండి. రోజూ వేసుకోవాల్సిన మందని డాక్టరు చెబితే, దాన్ని దాచమని అడగకండి. నీళ్ల గ్లాసు మీరే తెచ్చి చేతికివ్వండి.