చనిపోయిన దున్న నంబరు

చనిపోయినదానికి దూడల్ని పుట్టించడం నా పని. బోధన్ చుట్టుపక్కల ఊళ్లలో ఎదకొచ్చిన బర్రెలకు వీర్యం ఎక్కించే ఎద సూది వేస్తాను. అప్పట్లో నా దగ్గరున్న వీర్యమంతా ఒకే దున్నది. అది చచ్చి ఏళ్లయింది. అయినా చందూర్‌లో ఒక కొట్టంలో, వర్ని దారిలో ఇంకో కొట్టంలో దాని దూడలు అదే తెల్ల తోకకుచ్చుతో, తల ఒకే వైపు వంచి నన్ను చూసేవి. మొదట్లో ముచ్చటేసేది. తర్వాత్తర్వాత వాటి కళ్లలోకి చూడటం మానేశాను.

రైతులకు ఆ దున్నంటే పిచ్చి. వీర్యం నింపిన సన్నటి గొట్టం మీద దాని నంబరు కళ్లారా చూస్తేగానీ సూది వేయనిచ్చేవాళ్లు కాదు. నాకూ గొప్పగానే ఉండేది. వీర్యాన్ని గడ్డకట్టించి ఉంచే, పొగలు కక్కే నైట్రోజన్ డబ్బాలోంచి గొట్టాల కట్టంతా ఎండలోకి ఎత్తి, అందరూ చదివేదాకా పట్టుకుని, మళ్లీ దించేవాణ్ణి.

చెరుకు తోటల పక్కన రేకుల ఇంట్లో ఒక అవ్వ ఉండేది. ఒక్కటే బర్రె, ఆ పాలమీదే ఆమె బతుకు. చదువు రాకపోయినా నంబరు చూపించమనేది. మూడుసార్లు సూది వేశాను. మూడుసార్లూ చూడి నిలవలేదు.

“సూది మంచిదేనా బిడ్డా?” అని అడిగింది.

నాకు చిర్రెత్తింది. “సూదికేమైతది అవ్వా? నీ బర్రెనే గొడ్డుబోయింది. అమ్ముకో” అన్నాను.

ఆ ఎండాకాలం ఇంకా చాలా ఊళ్లలో బర్రెలు నిలవలేదు. ఎండదెబ్బ అని సరిపెట్టుకున్నాను. చివరికి అనుమానం పీకి, మిగిలిన గొట్టాల్లో రెండు నిజామాబాద్‌లో ఒక ల్యాబ్‌కు పట్టుకెళ్లాను. అక్కడి మేడమ్ ఒకటి కరిగించి మైక్రోస్కోపు కింద పెట్టింది. కణాలు ఈదుతున్నాయి. ఎప్పుడో మట్టిలో కలిసిన దున్న నా కంటికింద కదులుతోంది.

“చూశారా, మంచిగనే ఉన్నయి” అన్నాను. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆమె ఇంకో చుక్కను, కొలత ప్రకారం కలిపిన పలుచని చక్కెర నీళ్లలో వేసి వెచ్చగా ఉంచింది. కణం చుట్టూ ఉండే పొరలో ప్రొటీన్లే వాకిళ్లట. పొర బాగుంటే నీళ్లు లోపలికి దూరి, తోక ఉబ్బి చుట్ట చుట్టుకుంటుంది. అండాన్ని ఆనవాలు పట్టేదీ ఆ పొర మీది ప్రొటీన్లేనట. గంట తర్వాత చూస్తే చుట్టుకున్నవి ఒకటో రెండో. మిగతావన్నీ తోకలు తిన్నగా చాపి, చీపురుపుల్లల్లా పడి ఉన్నాయి.

“కరిగి మళ్ల గడ్డకట్టినట్టున్నయి. పొర పాడైంది” అంది. “కొన్ని ఈదుతయి. అండం దాక గూడ పోతయి. పోయినంక ఏం చెయ్యాల్నో వాటికి తెల్వది. డబ్బాలకెళ్లి మాటిమాటికి బయటికి తీస్తున్నరా?”

ఎండలో నేను ఎత్తి పట్టుకున్న గొట్టాల కట్ట కళ్లముందు మెదిలింది. ఎన్ని బర్రెల కడుపుల్లోకి వాటిని పంపానో లెక్క తెలియలేదు.

మర్నాడు పొద్దున్నే అవ్వ ఇంటికి వెళ్లాను. కొట్టం ఖాళీగా ఉంది.

“ఎవలకిచ్చినవ్ అవ్వా?”

“కటికోళ్ల కోతకే పోయింది బిడ్డా. ఈననిదాన్ని ఇంకెవలు కొంటరు?”

నిజం దాచాలనే అనిపించింది. కానీ నోరు ఆగలేదు. “తప్పు నాదే అవ్వా. సూదే సచ్చిపోయి ఉండె. నీ బర్రె మంచిదే.”

అవ్వ నన్ను తిడితే బాగుండుననిపించింది.

“బండెక్కనని వాకిట్ల పండుకున్నది బిడ్డా” అంది. “నడువు గొడ్డుదానా అని నేనే కట్టెతోని గొట్టి ఎక్కిచ్చిన.”