లిక్కర్ స్టోర్ స్టాపు దాటేదాకా

మొసలి పేరు వింటే నాకిప్పటికీ కెనడాలోని మార్కమ్ సిటీ బస్సే గుర్తొస్తుంది. బస్సుల నిండా మన విద్యార్థులే కనిపించే రోజులవి. ఒకరోజు పక్క సీటు తెలుగు కుర్రాడు తన ఫోను చూపించాడు. తాగుడు మాన్పించడానికి క్లినిక్‌వాళ్లు పెట్టించిన యాప్ అట. తాగాలనిపిస్తే ఎవరితోనైనా మాట్లాడమని అందులో ఉంది.

"వచ్చే స్టాపులో లిక్కర్ స్టోర్ ఉంది అంకుల్. అది దాటేదాకా ఏదన్నా చెప్పండి, ప్లీజ్. లేకుంటే దిగిపోతా."

నాకు చెప్పడం వచ్చినవి కోతలే; వాటికోసం నన్ను బతిమాలినవాడు అతనొక్కడే. మా తాత మొసలిచేత అంట్లు తోమించిన వైనం ఎత్తుకున్నాను. బస్సు ఆగి తలుపులు తెరుచుకున్నాయి. అతను ముందు సీటు కమ్మీని గట్టిగా పట్టుకున్నాడు. నేను మొసలిచేత బిందెలు కూడా తోమించాను. తలుపులు మూసుకున్నాయి.

"అంతా అబద్ధమే కదా అంకుల్?" అన్నాడు నవ్వుతూ.

"అబద్ధమే బాబూ."

"రేపు కూడా ఇదే బస్సుకొస్తరా?"

మర్నాడు ఆ దారిలో నాకు పనేమీ లేదు. అయినా వెళ్లాను.