వీణ మీద కప్పిన పరదా

మా చిన్నప్పుడు... ఖమ్మం మిర్చి యార్డులో మబ్బు పట్టిందంటే చాలు, ఘాటుకు దగ్గుతూనే అందరూ ఒకటే ఉరుకులు. ఏడాది కష్టమంతా ఆ బస్తాల్లోనే ఉంటుంది కదా. తడిసిందా, ఇక అంతే.

నాకప్పుడు పదకొండేళ్లు. మాది ఏన్కూరు దగ్గర చిన్న ఊరు. నాన్న మిర్చి రైతు. అమ్మ కూడా చేలో పని చేసేది... కాకపోతే అమ్మకు వీణ వచ్చు. పెళ్లికి ముందు ఎనిమిదేళ్లు ఖమ్మంలో ఒక టీచరమ్మ దగ్గర నేర్చుకుంది.

సంగీత సభల వాళ్లకు ఎన్ని ఉత్తరాలు రాసినా ఎవరూ పిలవలేదు. అందుకని బడి వరండాలో, రేషన్ షాపు ముందు, నలుగురు కూర్చున్న చోటల్లా వాయించేది. జనం కాసేపు వింతగా చూసి మళ్లీ తమ ముచ్చట్లలో పడేవారు. ఊళ్లో వెక్కిరింతలకు కొదవలేదు. నాన్న మాత్రం బాగుందనేవాడు కాదు, బాగాలేదనేవాడూ కాదు. అమ్మకు అదే ఎక్కువ బాధ.

ఆ ఏడు మిర్చి బస్తాలతో పాటు వీణను కూడా ట్రాలీ ఆటోలో ఎక్కించింది.

"ఇదొక్కసారి చూస్త. యార్డుల గూడ ఎవ్వలు వినకపోతే దీన్ని అటకెక్కిస్త. మళ్ల దించ," అంది.

అమ్మ అన్నదంటే చేసే మనిషి. నాకు గుబులు పట్టుకుంది.

షెడ్లన్నీ నిండిపోయాయి. మా బస్తాలు ఆరుబయటే దించారు. వాటి మీద పాత చీర పరిచి, గలేబు తొడిగిన వీణను పడుకోబెట్టి, హమాలీలు అన్నాలు తినే వేళ వాయించుకోవడానికి అనుమతి అడగాలని అమ్మ ఆఫీసుకు వెళ్లింది. ఎండ తగలనీయకు, మైనం కరుగుతుంది అని నాకు మరీ మరీ చెప్పి వెళ్లింది. వీణకు మెట్లన్నీ నల్లటి మైనంలోనే నిలబడి ఉంటాయి... ఆ మెట్ల మీద తీగను నొక్కితేనే స్వరం.

ఇంతలో మబ్బు కమ్మింది. యార్డంతా గోల. నాన్న ఎక్కడి నుంచో పరుగెత్తుకొచ్చి టార్పాలిన్ పరదా గబగబా కప్పేసి, తాళ్లు బిగించి, తీయొద్దని నాతో గట్టిగా చెప్పి, పక్క రైతుకు సాయం పట్టడానికి పోయాడు. పది నిమిషాలు చినుకులు పడ్డాయి. తర్వాత ఏమీ ఎరగనట్టు ఎండ కాసింది. మామూలు ఎండా అది! పరదా మీద చెయ్యి పెడితే చురుక్కుమంది. తీయాలా, వద్దా... అమ్మ మాట వినాలా, నాన్న మాట వినాలా... తేల్చుకోలేక గంటసేపు అక్కడే గోళ్లు కొరుక్కుంటూ కూర్చున్నాను.

అమ్మ అనుమతి పట్టుకుని సంబరంగా వచ్చింది. వస్తూనే మా బస్తాల పక్కలు తడిసి ఉండడం చూసి మొహం మాడ్చుకుంది. పరదా ఉండగా ఎట్లా తడిశాయని నన్ను నిలదీసింది. నేను చేత్తో చూపించాను. ఉన్న ఒక్క పరదా నాలుగు మడతలు పెట్టి వీణకు కప్పి ఉంది. బస్తాలు వానకే వదిలేసి ఉన్నాయి.

పరదా తీస్తే ఆవిరి కొట్టింది. మైనం మెత్తబడి కారింది. నాలుగు మెట్లు పక్కకు ఒరిగిపోయాయి. అమ్మ ఒక్క తీగ మీటింది... అపస్వరం. అప్పటికే హమాలీలు, రైతులు టిఫిన్ గిన్నెలు తెచ్చుకుని చుట్టూ కూర్చుంటున్నారు.

నాన్న వచ్చాడు. అమ్మ వేళ్లకంటిన మైనం చూశాడు.

"నేనే కప్పిన. గిట్లయితదని తెల్వదు," అన్నాడు. అంతే, తల దించుకున్నాడు.

అమ్మ తడిసిన బస్తాల వైపు చూసింది. నాన్న వైపు చూసింది. తిడుతుందనుకున్నాను. తడి తువ్వాల తెమ్మంది.

తువ్వాలతో మైనాన్ని చల్లబరిచి మెట్లను సర్దబోయింది. ఆ నాలుగూ నిలవలేదు. అయినా బస్తా మీద కూర్చుని వీణను ఒడిలోకి తీసుకుంది. అనుకున్న కీర్తన వదిలేసి మోహన ఎత్తుకుంది. ఐదు స్వరాల రాగం కాబట్టి ఒరిగిన మెట్లలో రెండింటితో పని లేదు. మిగిలిన రెండు చోట్లా, కింది మెట్టు మీదే తీగను బలంగా పక్కకు లాగి పై స్వరం పలికించింది. లాగి లాగి వేలు తెగింది. తెగిన వేలికి మిర్చి దుమ్ము... మంటకు కళ్లలో నీళ్లు తిరుగుతున్నా ఆపలేదు.

మొదట్లో దగ్గులు, మాటలు, ఎవరిదో ఫోన్ మోత. నేను మనుషుల మొహాలే చూస్తున్నాను. ఒకడు లేస్తే అందరూ లేస్తారు... వీణ అటక మీదికి పోతుంది. ఎప్పుడు సద్దుమణిగిందో తెలియదు గానీ, కాసేపటికి దగ్గు వచ్చినవాళ్లు కూడా తువ్వాల నోట్లో కుక్కుకుని దగ్గుతున్నారు.

అంతలో కాంటా వేసేవాళ్లు బస్తాలు తూకానికి మోయమని హమాలీలను కేకేశారు. చేయి కడుక్కుంటున్న ఒక ముసలి హమాలీ అటు తిరగకుండానే జవాబిచ్చాడు.

"ఆగుండ్రి. ఆమె ఆపినంక లేస్తం."

ఒక్కరూ లేవలేదు. అమ్మ పూర్తిగా వాయించి, వీణకు దండం పెట్టి, అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. మా బస్తాల్లో ఆరింటిని తడిసినవని పక్కకు తీసేశారు. దారిలో ఆ ఊసు అమ్మా ఎత్తలేదు, నాన్నా ఎత్తలేదు.

ఇప్పుడు అమ్మను పెద్ద హాళ్లకు కూడా పిలుస్తున్నారు. ఎదురుగా అందరి చేతుల్లో ఫోన్లే. నచ్చితే అక్కడికక్కడే ఓ గుండె బొమ్మ పెట్టేస్తారు... మంచిదే, కాదనను. నాన్న మాత్రం తన ఇష్టాన్ని ఆ ఒక్క మధ్యాహ్నమే చెప్పాడు. అదీ నోటితో కాదు.

మీ ఇంట్లోనూ అలాంటి మనిషి ఉన్నారా? ఉంటే కింద రాయండి, చదువుకుంటాను. నేనైతే ఈ సాయంత్రం ఇది నాన్నకు చదివి వినిపిద్దామనుకుంటున్నాను... సగంలోనే లేచి చేను వైపు వెళ్లిపోతాడని తెలుసు.