గొట్టం నోటికి మూత

మా నాన్నను అందరూ వాలు మేస్త్రి అంటారు. కప్పుల మీద పడ్డ వాన నీటిని కిందికి దింపే పైపులు వేయడం ఆయన పని. పైపు లావుగా ఉండాలి, వాలుగా ఉండాలి, నీళ్ళతో పాటు గాలికీ చోటుండాలి, మూలమూలకూ ఒక గొట్టం దిగాలి. ఇదీ ఆయన శాస్త్రం. చుట్టాలింటికి వెళ్ళినా ముందు కప్పు వాలు చూసి గానీ లోపల అడుగుపెట్టడు.

మా బావ, అంటే నా మొగుడు, ఆయనకు సొంత మేనల్లుడు. పని నేర్చుకున్నదీ ఆయన దగ్గరే. తర్వాత ఒక కంపెనీలో చేరి కొత్త పద్ధతి పట్టుకున్నాడు. ఒక బట్టల గోదాము కప్పుకు తానే దగ్గరుండి పైపులు వేయించాడు. సన్నటి పైపు, వాలన్నది లేదు, అంత పెద్ద కప్పుకూ కిందికి దిగేది ఒక్కటే గొట్టం. పైగా కప్పు మీద నీళ్ళు దిగే ప్రతి నోటి మీదా, అడుగున రెక్కలతో, పళ్ళెమంత స్టీలు మూత.

"నీళ్ళు పోయే దారికి ఎవడైనా మూత పెడతాడట్రా?" అన్నాడు నాన్న.

"మూత నీళ్ళకి కాదు మామయ్యా, గాలికి. నీళ్ళు అంచు కింద నుంచి వెళ్తాయి. గాలి దూరకపోతే పైపు నిండుతుంది, కిందికి పడే నీరే పై నీటిని లాగేస్తుంది. నువ్వు డ్రమ్ములో గొట్టం పెట్టి నీళ్ళు లాగవూ, అదే ఇది."

జీవితమంతా తొట్లను అలాగే ఖాళీ చేసిన మనిషి ఆ మాట చెవిన పెట్టలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

మొదట చినుకులు పడ్డాయి, నీళ్ళు మామూలుగానే దిగాయి. తర్వాత ఒక పగలు కుండపోతగా కురిసింది. కప్పు మీద నీళ్ళు మడుగు కట్టి, అంచులు దాటి గోదాములోకి దిగి, బట్టల మూటలన్నీ నానిపోయాయి. యజమాని అందరి ముందూ బావను చేతకానివాడన్నాడు. కంపెనీ వాళ్ళు ఇక పనిలోకి రావద్దన్నారు. నాన్న మా ఇంటికొచ్చి, కాఫీ తాగుతూ, "నేను ముందే చెప్పాను. వాలు లేని పైపు పైపే కాదు" అన్నాడు. పుండు మీద కారం చల్లడమంటే అదే. బావ తల వంచుకుని విన్నాడు. నాకు ఒళ్ళు మండింది గానీ జవాబు దొరకలేదు.

జవాబు మా అమ్మ వంటింట్లో దొరికింది. నీళ్ళ బిందెల మీద కొత్త స్టీలు మూతలు, అడుగున రెక్కలతో. "మీ నాన్నే తెచ్చారు, చక్కగా సరిపోయాయే" అంది అమ్మ.

నాన్న తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. "అల్లుడి పని చూస్తానంటే కాపలావాడు పైకి వదిలాడు. అడ్డంగా ఉన్నాయని తీసేశాను. వాడి మేలు కోరేనే! చినుకులకి నీళ్ళు దిగలేదూ?"

"చినుకులకి ఏ పైపైనా దిగుతుంది! బావ ఇంత తిప్పలు పడింది పెద్ద వాన కోసం! వచ్చి యజమానికి చెప్పు."

"ఇన్నేళ్ళ పేరు పోతుందే."

"బావ పేరు పోతే పరవాలేదా?"

ఆయన పెరట్లోకి వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చి చెప్తే బావ ఆశ్చర్యపోలేదు. "వాన వెలిశాక పైకెక్కి చూశాను. మూతలు లేవు, బోల్టులు మాత్రం మళ్ళీ పద్ధతిగా బిగించి ఉన్నాయి. విప్పిన బోల్టు ఊరికే వదలకూడదని నాకు నేర్పింది మామయ్యే గదా. మూతలు పెట్టడం నేనే మర్చిపోయానని చెప్పేశాను."

"తెలిసీ నెత్తినేసుకున్నావా?"

"ఈ వయసులో ఆయన్ని నలుగురిలో నిలబెట్టనా?"

అంత కోపం నాకెప్పుడూ రాలేదు. అదే కాళ్ళతో వెనక్కి వెళ్ళి, బావ అన్న మాటలు అన్నట్టే నాన్నకు అప్పజెప్పాను. ఆయన లేచి చొక్కా వేసుకుని, అమ్మ వద్దంటున్నా బిందెల మీది మూతలు సంచిలో వేసుకున్నాడు.

గోదాములో పనివాళ్ళందరి ముందూ, "పైపుది తప్పు కాదు బాబూ. మూతలు నేను తీశాను. మా వాడు నా తప్పు దాచాడు" అన్నాడు. తన చేత్తోనే వాటిని మళ్ళీ బిగించాడు. బావకు పని దక్కింది. తర్వాతి కుండపోతకు ఆ సన్నటి పైపు హోరుమని లాగేసింది, కప్పు మీద చెంబెడు నీళ్ళు నిలవలేదు.

ఇప్పుడు అందరూ నాన్నను ఆకాశానికెత్తుతున్నారు. తప్పు ఒప్పుకోవడానికి ఎంత గుండె కావాలి, ఎంత పెద్దమనసు, అంటూ మా ఇంటికొచ్చి మరీ చెప్పిపోతున్నారు. వాళ్ళకు కుర్చీలు వేసి కాఫీలిస్తున్నది బావే. అతన్ని చేతకానివాడన్న నోళ్ళలో ఒక్కటైనా ఇంతవరకు ఆ మాట వెనక్కి తీసుకోలేదు.